మనిషికి కూలి లేదు, వెండికి వడ్డీ లేదు

నేను చెప్పే పాఠాల వల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు. ప్రాచీన చరిత్ర చెప్పేవాడికి ఉన్న ఒకే ఒక్క సుఖం అది. నా పాఠాల్లోని మనుషులందరూ పోయి చాలా కాలమైంది. వాళ్ళ తరఫువాళ్ళెవరూ వచ్చి "మా వాళ్ళ గురించి అలా ఎలా అంటావయ్యా?" అని నిలదీయరు. ఆ సుఖం ఒక ఆదివారం మధ్యాహ్నం, పులిహోరకీ పెరుగన్నానికీ మధ్యలో పోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

మెల్‌బోర్న్‌లో, క్లేటన్ అనే పేటలో ఉన్న యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. ప్రాచీన ప్రపంచంలో మామూలు మనుషులు ఒకరికొకరు రాసుకున్న అప్పు పత్రాలు నా సబ్జెక్టు. మన వాళ్ళ ఫంక్షన్లలో ఈ మాట చెప్పగానే ఎదుటివారు ఆశగా "అంటే బ్యాంకింగా అండీ?" అంటారు. కాదండీ, బాబిలోను అంటాను. "ఓహో" అని, పాపం ఇంజనీరింగ్ సీటు రాలేదేమోనని లోపల అనుకుని, ఇంకో గారె వేయిస్తారు. ఈ చదువు వల్ల నాకు దక్కిన గారెలు తక్కువేమీ కాదు.

మాకు బాగా దగ్గరైన కుటుంబం ఒకటుంది. ఆయన ఎముకల డాక్టరు, ఆవిడ పళ్ళ డాక్టరు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు సిగ్నళ్ళు, ఒక పార్కు. వాళ్ళ అమ్మాయి ఇయర్ సెవెన్ చదువుతోంది, అబ్బాయి ఇంకా చిన్నవాడు. తెలుగులో ఏమడిగినా ఇద్దరికీ అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, అదీ సగం వాక్యమే.

ఆ ఇంట్లో ఇంకో అమ్మాయి కూడా ఉండేది. డాక్టరుగారి చిన్ననాటి స్నేహితుడి కూతురు. ఆ స్నేహితుడిది ఊళ్ళో చిన్న మందుల షాపు. కూతురు అక్కడ నర్సింగ్ చదివి, ఇక్కడ మాస్టర్స్‌కి వచ్చింది. ఫీజు డాక్టరుగారు కట్టారు. దానం కాదు, అప్పే. వాళ్ళ నాన్న ప్రామిసరీ నోటు రాసిస్తానంటే డాక్టరుగారు నొచ్చుకుని "మన మధ్య నోటేమిట్రా, అమ్మాయిని మా ఇంట్లోనే ఉంచుతాను, డబ్బు నీకు వీలైనప్పుడు పంపు" అన్నారట. ఈ సంగతి ఆయనే చెప్పారు. ఆవిడ కూడా చెప్పారు. ఎవరింట్లో భోజనానికి కలిసినా ఎప్పుడో ఒకప్పుడు చెప్పేవారు: అద్దె తీసుకోవడం లేదు, వడ్డీ తీసుకోవడం లేదు.

మేమందరం "సొంత కూతురిలా చూసుకుంటున్నారు" అనేవాళ్ళం. అబద్ధం కాదు. ఒక విషయంలో సొంత కూతురి కంటే ఎక్కువే. సొంత కూతురికి వంట రాదు.

ఆ ఆదివారానికి ముందురోజు ఆ అమ్మాయి మా ఇంటికి గోంగూర పచ్చడి సీసా ఇవ్వడానికి వచ్చింది. సీసా ఇచ్చేసింది కానీ వెళ్ళలేదు. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ ఉంది.

"అంకుల్, టూవూంబాలో హాస్పిటల్లో జాబ్ వచ్చింది. గ్రాడ్యుయేట్ నర్సుగా" అంది.

టూవూంబా క్వీన్స్‌లాండ్‌లో, సముద్రానికి దూరంగా, కొండ మీద ఉన్న ఊరు. అక్కడ మన డాక్టర్లూ నర్సులూ బాగానే ఉన్నారు. కారు లేనిదే పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేమంటారు. మా ఆవిడ సంతోషంగా "నీకు డ్రైవింగ్ వచ్చుగా!" అంది.

"పిల్లల్ని స్కూలుకి దింపడానికే కదా ఆంటీ నేర్చుకున్నది."

"మరింకేం?"

"సోమవారంలోగా ఎస్ అనాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"వద్దంటారనా?" అన్నాను.

"అనరంకుల్. 'నీ ఇష్టం అమ్మా' అంటారు. తర్వాత ఆంటీ రెండ్రోజులు సరిగ్గా తినరు. నాన్నకి ఫోన్ చేస్తే 'వాళ్ళెలా చెబితే అలా చెయ్యి, మనం వాళ్ళకి బాకీ ఉన్నాం' అంటున్నారు."

"బాకీ తీరేదాకా కదలకూడదని ఎవరైనా అన్నారా నీతో?"

"ఎవరూ అన్లేదు. అని ఉంటే బావుండేది. గొడవైనా పడేదాన్ని." తాళాలు సంచిలో వేసుకుంది. "ఈ జాబ్ పోతే మళ్ళీ ఎప్పటికొస్తుందో. మీరొకసారి డాక్టరంకుల్‌తో మాట్లాడతారా?"

తప్పకుండా మాట్లాడతానన్నాను. మన వాళ్ళలో తప్పకుండా అంటే ఏమిటో ఆ అమ్మాయికి తెలుసు. అయినా థాంక్సంకుల్ అని వెళ్ళింది. తలుపు వేసి మా ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి "ఎలా మొదలుపెడతారు? బాబిలోను నుంచా?" అంది.

అలా మొదలుపెట్టకూడదనే నేనూ అనుకున్నాను.

ఆ వారం మొదట్లో ఇంకో చిన్న సంగతి జరిగింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. డాక్టరుగారమ్మాయి నాకు ఫోన్ చేసింది. స్కూల్లో ప్రాచీన చరిత్ర అసైన్‌మెంటు ఇచ్చారట. పాతకాలపు ఒప్పంద పత్రం ఒకటి మట్టితో చెయ్యాలి. నకలు కాకూడదు, విషయం సొంతంగా ఉండాలి. నా జీవితంలో నా సబ్జెక్టు గురించి నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. ఉబ్బిపోయాను. అవసరమైన దానికంటే చాలా ఎక్కువ చెప్పాను.

ఏం చెప్పానంటే, ఆ పత్రాలు కాగితాలు కావు, సబ్బుబిళ్ళంత మట్టి పలకలు. పచ్చిగా ఉన్నప్పుడే రెల్లుపుల్లతో గీసేవాళ్ళు. సాక్షులుండాలి. ముద్ర లేనివాళ్ళు మట్టిలో గోరు నొక్కేవాళ్ళు, మన వేలిముద్రకి తాత లాంటిది. బాకీ తీరితే పలక పగలగొట్టేవాళ్ళు. మన ఊళ్ళలో నోటు తీరాక రెవెన్యూ స్టాంపూ సంతకమూ ఉన్న ముక్క చింపి చేతికిస్తారే, అలాగన్నమాట. అందుకే మ్యూజియంలో ఎక్కడైనా చెక్కుచెదరని అప్పు పలక కనిపిస్తే నాకు మొదట వచ్చే అనుమానం, వీడు కట్టలేదేమోనని. కొత్త రాజు గద్దెనెక్కగానే రుణమాఫీ ప్రకటించేవాడని కూడా చెప్పాను. ఈ మాట క్లాసులో చెబితే ఆస్ట్రేలియా పిల్లలు నోరు తెరుస్తారు. తెలుగు పిల్లలు మాత్రం ఎన్ని విడతల్లో సార్ అని అడుగుతారు.

చివర్న, ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు కాబట్టి, నాకిష్టమైన ముక్క చెప్పాను. కొన్ని పత్రాల్లో వడ్డీ ఉండదు. దాని బదులు ఇల్లు ఉంటుంది, లేదా మనిషి ఉంటాడు. అప్పు తీసుకున్నవాడి ఇంట్లో అప్పిచ్చినవాడు ఊరికే కాపురముంటాడు. లేకపోతే తీసుకున్నవాడి కొడుకో కూతురో పనివాడో ఇచ్చినవాడి ఇంటికి వచ్చి పని చేస్తూ ఉంటారు. వాటికి ఒక స్థిరమైన వాక్యముంది. ఇంటికి అద్దె లేదు, వెండికి వడ్డీ లేదు. రెండో రకమైతే, మనిషికి కూలి లేదు, వెండికి వడ్డీ లేదు. రెండు వైపులా సమంగా తూగే వాక్యం. చెవికి ఇంపుగా ఉంటుందని క్లాసులో చెప్పడం నాకు అలవాటు. ఆ పిల్లకీ అదే చెప్పాను.

"కూల్" అంది. తర్వాత, ఇంటివాళ్ళు కాని సాక్షులు ఇద్దరు కావాలి, మీరూ ఆంటీ ఉంటారా అని అడిగింది. ఉంటామన్నాను. పత్రం దేని గురించని అడగలేదు. మన వాళ్ళు సాక్షి సంతకం పెట్టమంటే చదివి పెడతారా? చదివితే అనుమానించినట్టు కాదూ?

ఆదివారం వాళ్ళింట్లో భోజనం. పులిహోర, వంకాయ కూర, పప్పుచారు, అప్పడాలు. ఇవన్నీ ఆ అమ్మాయే వండింది. మేం కూర్చున్నాం, తను వడ్డించింది. డాక్టరుగారావిడ మధ్యమధ్య "నువ్వూ కూర్చోవే" అంటున్నారు. ఆ అమ్మాయి "వస్తున్నా ఆంటీ" అంటోంది. ఇద్దరూ నిజంగానే అంటున్నారు.

నేను మాట్లాడాల్సిన మాట నోట్లోనే ఉంది. పులిహోర దాన్ని లోపలికి నెట్టేస్తోంది. మా ఆవిడ నావైపు చూడ్డం మానేసింది. ఆవిడ ఆశ వదులుకున్నప్పుడు చేసే పని అది.

అప్పుడు పిల్ల మట్టి పలక తెచ్చింది. ట్రేలో పేపరు పరిచి, దాని మీద పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని వచ్చింది. ఐస్‌క్రీం పుల్లతో సన్నగా, దగ్గర దగ్గరగా అక్షరాలు చెక్కింది. కళ్ళజోడు పెట్టుకున్నా ఒక్క ముక్క కనిపించడం లేదు. ఇప్పుడే గోళ్ళు నొక్కాలట, ఆరిపోతే కుదరదట.

భలే సరదాగా సాగింది. "అప్పిచ్చినవాడు ముందు" అంది పిల్ల. డాక్టరుగారు నవ్వుతూ చెయ్యి కడుక్కుని వచ్చి బొటనవేలి గోరు నొక్కారు. "ఆస్తి రాయించుకోవడం లేదు కదే?" అన్నారు. తర్వాత పిల్ల "అక్కా, యువర్ టర్న్" అంది. ఆ అమ్మాయి అప్పడాల పళ్ళెం కింద పెట్టి, కొంగున చెయ్యి తుడుచుకుని నొక్కింది. సాక్షులుగా నేను నొక్కాను, మా ఆవిడ నొక్కింది. మా ఆవిడ గోరు బాగా పడిందని, నాది పడలేదని రెండోసారి నొక్కించారు. డాక్టరుగారావిడ ఫోటో తీశారు. ఇంట్లో ఒక్కరు కూడా అందులో ఏముందని అడగలేదు. డాక్టర్లిద్దరు, నర్సు ఒకరు, అకౌంటెంటు మా ఆవిడ, అప్పు పత్రాల మీద డాక్టరేటు ఉన్న నేను.

"ఇప్పుడు చదువమ్మా, విందాం" అన్నారు డాక్టరుగారు.

చదివింది. ఇంగ్లీషులో, స్కూల్లో చదివినట్టు, గడగడా. నేను తెలుగులో రాస్తున్నాను.

వెండి ఇచ్చినవాడు మా నాన్న. తీసుకున్నవాడు అక్క వాళ్ళ నాన్న. వెండి ఎంతంటే అక్క యూని ఫీజంత. అక్క మా ఇంట్లో ఉంటుంది. ఇంటికి అద్దె లేదు. అక్క వంట చేస్తుంది, బట్టలు మడత పెడుతుంది, మమ్మల్ని స్కూలు నుంచి తీసుకొస్తుంది, తమ్ముడికి స్నానం చేయిస్తుంది. మనిషికి కూలి లేదు. వెండికి వడ్డీ లేదు. వెండి తిరిగి వచ్చిన రోజున అక్క తనకు నచ్చిన చోటికి వెళ్ళవచ్చు. సాక్షులు, బాబిలోను అంకుల్, వాళ్ళ ఆంటీ.

నేను మొట్టమొదట చేసిన పని చెబుతాను. అందులో తప్పు వెతికాను. బాబిలోను పత్రాల్లో ఇల్లు తాకట్టు పెట్టేది అప్పు తీసుకున్నవాడు, ఇక్కడేమో ఇచ్చినవాడి ఇల్లు, కాబట్టి ఆ అద్దె వాక్యం సాంకేతికంగా చెల్లదు. ఈ ఒక్క తప్పునీ రెండు చేతులా పట్టుకుని కాసేపు వేలాడాను. మిగతా ప్రతి ముక్కా సరిగ్గా ఉంది. నా విద్యార్థుల్లో చాలామంది ఇంత శుభ్రంగా రాయరు. మనిషికి కూలి లేదన్న ఆ వాక్యం నాకు మట్టిలో పరిచయం. పచ్చిగా, ఊపిరితో, పెరుగు గిన్నె పట్టుకుని, ఎదురుగా నిలబడి ఉండగా దాన్నెప్పుడూ చూడలేదు. చూడలేదనడం కూడా తప్పే, వారం వారం దాని చేతి వంట తింటున్నాను.

డాక్టరుగారు ముందు నవ్వారు. "ఏం మాస్టారూ, మీరు నేర్పిన చదువా ఇది?"

"నమూనా మాత్రమే నాదండీ" అన్నాను.

"ఎవరు చెప్పారే నీకు ఇవన్నీ?" అన్నారావిడ కూతురితో.

"యూ డిడ్, మమ్. యూ సే ఇట్ ఎట్ ఎవ్రీ పార్టీ." ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఎక్కణ్ణుంచి తీసుకున్నావో రాయమని టీచరు చెప్పారట, రాస్తోంది.

"మరి అక్క వెళ్ళడం గురించి ఎవరన్నారు?"

"అక్కే. వెన్ కెన్ యూ గో అని అడిగా. 'మీ నాన్న డబ్బులు మేం తిరిగిచ్చేశాక' అంది." తెలుగు ముక్క తెలుగులోనే అప్పజెప్పింది, యాసతో సహా.

డాక్టరుగారి నవ్వు మొహమ్మీద ఉండిపోయింది కానీ లోపల మనిషి లేడు. "ఒక్క సెంటు వడ్డీ తీసుకోలేదు మాస్టారూ నేను" అన్నారు.

"బాబిలోను వాళ్ళూ తీసుకోలేదండీ" అన్నాను. బల్ల కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది, కానీ ఆలస్యంగా.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వూ ఇలాగే అనుకుంటున్నావా?"

ఆ అమ్మాయి పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎవరికి వెయ్యాలో మర్చిపోయినట్టుంది. నా వైపూ మా ఆవిడ వైపూ ఒకసారి చూసింది. నేను చెప్పాల్సినది నేను చెప్పనని ఆ చూపుతో తేలిపోయింది.

"అంకుల్, నాకు టూవూంబాలో జాబ్ వచ్చింది. రేపటిలోగా చెప్పాలి. వెళ్దామనుకుంటున్నా."

"మరి పిల్లల్ని స్కూలు నుంచి ఎవరు తీసుకొస్తారు?" అన్నారు డాక్టరుగారు.

అది నోరు జారిన మాట కాదు. జారిన మాటైతే సర్దుకోవచ్చు. అది ఆయన లోపల్నుంచి, వరసలో అందరికంటే ముందు నిలబడి ఉన్న మాట. అది బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక మాలో అందరికంటే ముందు ఆయనకే వినబడింది. మనిషి మొహంలోంచి రక్తం దిగిపోవడం గురించి చదివాను కానీ అంత దగ్గర్నుంచి చూడలేదు. చిన్నవాడు మాత్రం ఐస్‌క్రీం ఎప్పుడని అడిగాడు.

"ఓ నో" అంది పిల్ల. "ఐ ఫర్గాట్ స్విమ్మింగ్."

గురువారాలు ఈత క్లాసుకి కూడా అక్కే తీసుకెళుతుందట. పుల్ల తీసుకుని, మట్టి ఆరిపోకముందే, మార్జిన్లో ఇరికించి చెక్కడం మొదలుపెట్టింది. మట్టి మీద పుల్ల గీసుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. ఆ చప్పుడు గురించి నేను ఒక వ్యాసం రాశాను ఎప్పుడో. ఎలా ఉంటుందో ఊహించి రాశాను. ఊహ తప్పు.

డాక్టరుగారు లేచి పెరట్లోకి వెళ్ళారు. కాసేపాగి నేనూ వెళ్ళాను. ఓదార్చడానికనే అనుకోండి, బల్ల దగ్గర కూర్చోలేక అన్నా తప్పులేదు. ఆయన బార్బెక్యూ పక్కన, బోర్లించిన పాల డబ్బా మీద కూర్చుని ఉన్నారు. ఆ బార్బెక్యూ కొన్నప్పటి నుంచీ దాని మీద వంకాయలు తప్ప ఏమీ కాల్చలేదు.

"మాస్టారూ, నేను ఇంటరు ఎక్కడుండి చదివానో ఎప్పుడైనా చెప్పానా?"

"లేదండీ."

"మా టౌన్లో రైస్ మిల్లాయన ఇంట్లో. మా నాన్న ఆయనకి బాకీ. పొద్దున్నే పాలు తేవడం, ఆయన పిల్లలకి లెక్కలు చెప్పడం, రాత్రి మిల్లు లైట్లు ఆర్పడం నా పని. తిండికి లోటు లేదు. పండక్కి బట్టలు కూడా వాళ్ళే కుట్టించేవాళ్ళు. నేనెప్పుడూ చెడుగా అనుకోలేదు. ఇప్పటికీ ఆయన ఫోటో నా రూములో ఉంది." గడ్డి పరక ఒకటి పీకారు. "ఆయన కంటే నేను బాగా చూసుకుంటున్నాననుకున్నా. మేడ మీద గది ఇచ్చాం కదా. ఏసీ ఉంది కదా."

ఏసీ గురించి బాబిలోను పత్రాల్లో ఏమీ లేదు.

"ఎంసెట్లో సీటొచ్చిందని చెప్పినప్పుడు ఆయనేం చేశాడో తెలుసా? ఒక్క నిమిషం ఆలోచించలేదు. సైకిలు కొనిచ్చి పంపించాడు. నాన్న బాకీ అప్పటికి ఇంకా అలాగే ఉంది." నా వైపు చూశారు. "ఆయన సైకిలు కొనిచ్చాడు మాస్టారూ. నేను స్కూలు పికప్ అడిగాను."

లోపలికి వచ్చేసరికి ఇంకో సంగతి జరిగి ఉంది. ఇది మా ఆవిడ తర్వాత చెప్పింది. డాక్టరుగారావిడ ఆ అమ్మాయి చేతిలోంచి గిన్నెలు లాక్కుని, నువ్వు కూర్చోమని గట్టిగా చెప్పి, తనే డిష్‌వాషరులో సర్దారట. సర్దాక దాని ముందు నిలబడిపోయారట. ఎక్కడ నొక్కాలో తెలియదు. తన ఇంట్లో, తను కొన్న మిషను. కాసేపు అన్ని బటన్లూ చూసి, తల తిప్పకుండా "ఇది ఎక్కడ నొక్కాలే?" అని అడిగారట. ఆ అమ్మాయి చెప్పిందట. ఆ తర్వాత ఆవిడ ఏడ్చారట. మా ఆవిడ కూడా కొంచెం ఏడ్చిందట, తోడుగా.

డాక్టరుగారు ఆ అమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రేపటిదాకా ఎందుకమ్మా? ఇప్పుడే మెయిలు పెట్టు. ఎస్ అని పెట్టు."

"అంకుల్, మరి డబ్బు..."

"నీ డబ్బెక్కడుంది ఇందులో? అప్పు తీసుకుంది మీ నాన్న. నేనూ వాడూ చూసుకుంటాం. నోటు రాయమంటాను. వడ్డీతో."

"వడ్డీతోనా?" అంది ఆ అమ్మాయి.

"నూటికి అర్ధరూపాయి. వడ్డీ లేకపోతే ఇంకెవరో కూలి లేకుండా పని చెయ్యాల్సి వస్తుందట. మాస్టారు చెప్పారు."

నేను అలా చెప్పలేదు. కానీ నా సబ్జెక్టుని అంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు కాబట్టి ఊరుకున్నాను.

వడ్డీ వేస్తామంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెప్పిన మనిషిని ఆ రోజే చూశాను. ఆ అమ్మాయి అక్కడికక్కడే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. డాక్టరుగారు "ఒరే, నోటు రాయాలిరా నువ్వు, వడ్డీ కూడా కట్టాలి" అన్నారు. అవతల షాపు సొరుగు మూసిన చప్పుడు వినిపించింది. నేను భయపడ్డాను. తర్వాత ఆయన "హమ్మయ్య" అన్నారు. "ఇన్నాళ్ళూ నీకు ఫోన్ చెయ్యాలంటే నోరు రాలేదురా" అన్నారు. ఆయన మూడేళ్ళకోసారి నోటు తిరగరాసే ఊరివాడు. ఏ బాకీ ఎంతో, ఎప్పటికో, కాగితం మీద ఉంటేనే ఆయనకి నిద్ర. ఆ నిద్ర ఇన్నాళ్ళూ లేదని మాలో ఎవరికీ తట్టలేదు.

మట్టి పలకని అప్పుడే పగలగొట్టేద్దామన్నారు డాక్టరుగారు. "నో!" అని పిల్ల దాన్ని గుండెకి హత్తుకుంది. ఇంకా మార్కులు రాలేదు. అంచేత ఇంత జరిగినా ఆ పత్రం చట్టబద్ధంగా చెల్లుబాటులోనే ఉండి, ఓవెన్లో కాలి, స్కూలుకి వెళ్ళి, అక్కడ ప్రదర్శనలో కూడా పాల్గొంది. టీచరు మంచి గ్రేడు ఇచ్చి, ఎంతో సహజంగా ఉందని మెచ్చుకున్నారట. మెచ్చుకున్నారని విని డాక్టరుగారావిడ ఆ రోజు క్లినిక్కు మానేశారు.

ఆ అమ్మాయి టూవూంబా వెళ్ళే రోజు మేమూ వెళ్ళాం. ఎయిర్‌పోర్టుకని సూట్‌కేసులు కారెక్కాయి. డాక్టరుగారు గరాజ్‌లోంచి పలక పట్టుకొచ్చారు. ఇంకో చేతిలో రంపముంది. విరిగిన చేతులకి వేసిన పిండికట్లు కోస్తారే, ఆ రంపం.

"మాస్టారూ, పూర్తిగా పగలగొట్టొచ్చా?"

"కుదరదండీ. అప్పు ఇంకా తీరలేదుగా."

"మరి?"

"ఊళ్ళో చేసినట్టు చెయ్యండి. అమ్మాయి గోరు ఉన్న ముక్క అమ్మాయికివ్వండి."

"ఇట్స్ ఓకే, ఇట్స్ బీన్ మార్క్‌డ్" అంది పిల్ల, పెద్ద మనసుతో.

ఆయన కారు బానెట్టు మీద తువ్వాలు పరిచి, పలకని దాని మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, రంపం ఆన్ చేశారు. నెమ్మదిగా కోశారు. చుట్టూ ఉన్న గోళ్ళు ఒక్కటీ చెదరలేదు. ఆయన గోరు అలాగే ఉంది, మా ఇద్దరివీ అలాగే ఉన్నాయి. కింద మూలన ఉన్న చిన్న ముక్క ఒక్కటే విడిగా వచ్చింది. దాన్ని తీసి, ధూళి ఊది, ఆ అమ్మాయి అరచేతిలో పెట్టారు. పెట్టి, ఇన్నేళ్ళుగా కట్టు విప్పిన ప్రతివాళ్ళనీ అడిగినట్టే, అలవాటు కొద్దీ అడిగారు.

"నొప్పేమైనా ఉందామ్మా?"

ఆ అమ్మాయి గుప్పిట మూసి, తెరిచి, మళ్ళీ మూసింది.

"ఇప్పుడు లేదంకుల్" అంది. వెళ్ళి కారెక్కింది. ఆ ఇంటి కారులో ఆ అమ్మాయి డ్రైవరు పక్క సీట్లో కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. తాళాలు డాక్టరుగారి దగ్గరున్నాయి.